ఆ 41 ఉత్తరాలు ఎవరివి?

పేరు, ఊరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం పంపారు. అంతా వేయడం కుదరదు కాబట్టి సంగతేమిటో చెబుతాను.

ఆయనకు 61 ఏళ్లు. 19వ ఏట ఒక నాటకం చూసి, అందులో ముఖ్య పాత్ర వేసిన నటుడికి ఉత్తరం రాశారు. జవాబు వస్తుందనుకోలేదు. పదిరోజులకు పోస్టుకార్డు వచ్చింది. రెండే వాక్యాలు, కింద సంతకం. పిచ్చి అక్కడ పట్టుకుంది. నటులు, దర్శకులు, నాటక రచయితలు, రంగాలంకరణ చేసేవాళ్లు, పత్రికల్లో నాటక సమీక్షలు రాసేవాళ్లు, ఎవరి సంతకం ఉన్న ఉత్తరమైనా సరే ఆయనకు కావాలి. కొన్ని తనకే వచ్చినవి, కొన్ని పాత పుస్తకాలమ్మేవాళ్ల దగ్గర దొరికినవి, ఎక్కువ భాగం వేలంలో కొన్నవి. మొత్తం 341. ప్రతిదానికీ ఒక నంబరు. ఎవరు ఎవరికి రాశారు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు, అన్నీ రిజిస్టరులో ఉన్నాయి.

మూడేళ్ల కిందట ఒక వేలంలో 41 ఉత్తరాల కట్ట కొన్నారు. అన్నీ పేరున్న ఒక సమీక్షకుడు ఒక నటికి రాసినవే. ఇద్దరూ ఇప్పుడు లేరు. కొన్న రాత్రే చదవడానికి కూర్చుని పద్నాలుగో ఉత్తరం దగ్గర ఆగిపోయారు. అందులో ఆ సమీక్షకుడు ఇంకా అచ్చుకాని తన సమీక్షలోంచి ఒక పేరా ఎత్తి రాసి, "ఇలా ఉంటే నీకు సరేనా?" అని ఆవిడను అడిగాడు. ఇంకొన్ని ఉత్తరాలు దాటాక, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న మరో నటి గురించి ఒకే వాక్యం: "నువ్వు చెప్పినట్టే రాశాను." ఆ రెండో నటి బతికే ఉన్నారు. ఆ సమీక్ష వచ్చిన రెండేళ్లకు ఆవిడ నాటకాలు మానేశారు. ఇంకో చిక్కు కూడా ఉంది. 41లో మూడు మాత్రం చేత్తో రాసినవి కావు, టైపు చేసినవి. వాటిమీద సంతకం కాస్త తేడాగా కనిపిస్తోంది. ఆ ఒక్క వాక్యం ఉన్నది ఆ మూడింట్లో ఒకదాంట్లో.

ఈయన ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్ల కిందట మాత్రం ఓ చిన్న సభలో తన సేకరణ గురించి మాట్లాడుతూ, ఫలానావారి ఉత్తరాలు నా దగ్గరున్నాయని నోరు జారారు. కొన్నాళ్లకు మొదటి నటి కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అవి మా అమ్మవి. అమ్మ పోయాక మా తమ్ముడు నాతో ఒక్క మాట చెప్పకుండా అమ్మేశాడు. నేను ఒక్కటి కూడా చదవలేదు. తిరిగి ఇవ్వండి. ఇవ్వలేకపోతే తగలబెట్టండి, అంతేగాని ఇంకొకరి చేతిలో పెట్టకండి." ఈలోగా ఆ సభకు వచ్చిన ఒక పరిశోధకుడు కాపీలు కావాలని వెంటపడుతున్నాడు. కొడుకేమో, అమ్మేస్తే పీడా పోతుంది కదా నాన్నా అంటున్నాడు. మూడు నెలలైంది, కూతురికి ఈయన ఇంకా జవాబు రాయలేదు. రాత్రిళ్లు నిద్ర లేచి కూర్చుంటున్నారట. "నేను కొన్నది దొంగసొత్తా? అవి నావా, కావా?" అని అడుగుతున్నారు.

ఆరో పేజీ చివర, తర్వాత గుర్తొచ్చినట్టు వేరే సిరాతో ఒక వాక్యం ఉంది: "ఆవిడ ఉత్తరాన్ని కూడా అలవాటు కొద్దీ వెనక పెన్సిల్‌తో 342 అని వేసి, కవర్లో పెట్టేశాను."

---

మీ ఆరు పేజీల్లో నన్ను బాగా పట్టుకున్నది ఆ చివరి వాక్యమే. అది మీరు రాయకపోయినా నాకు తెలిసేది కాదు. రాశారంటే మీకే ఎక్కడో కలుక్కుమందన్నమాట. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీరడిగిన దానికి జవాబు.

"నావా, కావా" అని మీరు ఒకే ప్రశ్నగా అడిగారు. నిజానికి ఒక ఉత్తరంలో మూడు వేర్వేరు వస్తువులుంటాయి. ఒకటి కాగితం. రెండోది ఆ కాగితం మీది మాటలు. మూడోది ఆ మాటల్లో ఉన్న మనుషుల బతుకు. మొదటిది కొనుక్కోవచ్చు. రెండోది మీరు కొనలేదు. మూడోది ఎవరూ అమ్మలేరు, కొనలేరు. మీ టెన్షన్ సగం ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది.

కాగితం, మాటలు వేరని నేను కొత్తగా చెబుతున్నది కాదు. 1741లోనే లండన్‌లో తేలిన సంగతి. అలెగ్జాండర్ పోప్ అనే కవి ఉత్తరాలను ఎడ్మండ్ కర్ల్ అనే పుస్తక వ్యాపారి అడగకుండా అచ్చువేశాడు. పోప్ కోర్టుకెళ్లాడు. ఉత్తరం అందుకున్న మనిషికి ఆ కాగితం మీద హక్కు ఉంటే ఉండొచ్చు గాని, అందులోని మాటలను అచ్చువేసే హక్కు మాత్రం రాదని న్యాయమూర్తి తేల్చాడు. ఇంకా తమాషా ఏమిటంటే, పోప్ రాసిన ఉత్తరాలకే ఆ రక్షణ దొరికింది. ఆయనకు ఇతరులు రాసినవాటికి దొరకలేదు, ఎందుకంటే ఆ మాటలు ఆయనవి కావు.

దీన్ని మీ కట్టకు పెట్టి చూడండి. ఆ మాటలు సమీక్షకుడివి. కాబట్టి వాటి కాపీరైటు ఇప్పుడు ఆయన వారసులది. నటి కూతురిది కాదు, మీది అసలే కాదు. ఈ హక్కు ఎన్నాళ్లుంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. రచయిత పోయాక భారతదేశంలో మామూలుగా 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు. బతికుండగా అచ్చుకాని రచనలకు మళ్లీ వేరే లెక్కలున్నాయి, ఉత్తరాలు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. అందుకని ఆ పరిశోధకుడికి మీరు కాపీలు ఇచ్చినా, వాటిని పూర్తిగా అచ్చువేసుకో అనడం మీ చేతిలో లేదు. ఆ సంగతి అతనికి తెలియకపోదు. తెలిసీ మిమ్మల్నే అడుగుతున్నాడంటే మీరు మెత్తగా దొరికారని అర్థం. పరిశోధకుల మీద నాకేం కోపం లేదు, ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను. కానీ అతని తొందర మీ తొందర కానక్కర్లేదు. "ఆ ఉత్తరాల విషయం ఇంకా తేలలేదు, తేలాక చెబుతాను" అని ఒక్క వాక్యం రాసి పంపండి. ఒక్క పేజీ ఫొటో కూడా ఇవ్వకండి. ఫోన్లో ఫొటో ఒకసారి చేయి దాటితే ఇంక మీ నిర్ణయానికి విలువేముంది?

ఇక దొంగసొత్తు మాట. ఆ కూతురి మాటల్నే మళ్లీ చూడండి. దొంగిలించారు అనలేదు, మా తమ్ముడు చెప్పకుండా అమ్మేశాడు అన్నారు. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. తల్లి ఆస్తి మీద తమ్ముడికీ వాటా ఉంటే, తన వాటాకు మించి అమ్మాడా, అమ్మే హక్కు తనకుందా అన్నది అక్కాతమ్ముళ్ల తగువు. మీరు వేలంలో, నలుగురి ముందు, రసీదు తీసుకుని కొన్నారు. తెలియక కొన్నవాడికి చట్టం ఎంతవరకు అండగా ఉంటుందన్నది కూడా దేశానికో తీరు. నిజంగా దొంగిలించిన వస్తువైతే మాత్రం, ఎంత నిజాయితీగా కొన్నా అది కొన్నవాడిది కాదనే చోట్లు చాలా ఉన్నాయి. అందుకని రెండు పనులు చేయండి. వేలం రసీదు, ఆనాటి కేటలాగు పేజీ, డబ్బు కట్టిన ఆధారం ఒకచోట పెట్టుకోండి. వేలం సంస్థకు రాసి, ఈ కట్ట ఎవరి దగ్గర్నుంచి, ఏ పత్రాలతో వచ్చిందో అడగండి. అమ్మినవాళ్ల పేరు చెప్పకపోవచ్చు, కానీ హక్కు గురించి వివాదం వచ్చిందని మీరు రాసినట్టు వాళ్ల దగ్గర నమోదవుతుంది. ఆ కాగితాలు తీసుకుని ఒక గంట లాయరు దగ్గర కూర్చోండి. కోర్టుకెళ్లడానికి కాదు, మీరు నిలబడ్డ నేల గట్టిదో కాదో తెలుసుకోడానికి. అది తెలిస్తే మీరు ఇచ్చినా భయంతో ఇచ్చినట్టుండదు, ఉంచుకున్నా మొండికేసినట్టుండదు.

ఇప్పుడు అసలు ముల్లు. "నువ్వు చెప్పినట్టే రాశాను."

మూడేళ్లుగా ఆ మూడు మాటలతో మీ మనసులో ఒక కథ అల్లుకున్నారు. ఒక నటి, ఆవిడ మాట వినే ఒక సమీక్షకుడు, బలైపోయిన ఇంకో నటి. ఆ కథ నిజం కావచ్చు కూడా. కానీ మీ దగ్గరున్నవి ఫోన్లో ఒక పక్క వినిపించే మాటల్లాంటివి మాత్రమే. ఆవిడ ఆయనకు రాసినవి ఎక్కడున్నాయో మీకు తెలియదు. ఆవిడ ఏం చెప్పిందని ఆయన అలాగే రాశాడు? "ఆ అమ్మాయిని దించెయ్" అనా? "పాపం, కొత్తది, మరీ చీల్చి చెండాడకు" అనా? "ఆ రెండో అంకంలో ఆమె గొంతు వెనక వరసలకు వినపడలేదు, చూశావా" అనా? మూడింటికీ ఆ ఒక్క వాక్యమే జవాబుగా సరిపోతుంది.

దీన్ని కొంతవరకు మీరే తేల్చుకోవచ్చు, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో నాకర్థం కాలేదు. సమీక్ష అచ్చయింది కదా. ఆ పత్రిక పాత సంచికలు ఏదో ఒక గ్రంథాలయంలో ఉంటాయి. వెళ్లి అచ్చయిన సమీక్షను, పద్నాలుగో ఉత్తరంలోని పేరాను పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన నటిని అడిగిన పేరా అలాగే అచ్చయిందా, మారిందా, అసలు లేకుండా పోయిందా? రెండో నటి మీద రాసింది నిజంగా అంత ఘోరంగా ఉందా, లేక ఆ ఉత్తరం చదివాక మీకలా అనిపిస్తోందా? నాటకాల వాళ్ల ఉత్తరాల్లో చాలాసార్లు తేదీలుండవు, మీకు తెలియంది కాదు. "మంగళవారం, రాత్రి ప్రదర్శన అయ్యాక" అని వదిలేస్తారు. కవర్లు పారేయకుండా ఉంచి ఉంటే పోస్టు ముద్ర చూడండి. లేకపోతే ఆ నాటకం ఏయే రోజుల్లో ఆడిందో పట్టుకుని, వారాన్ని బట్టి తేదీ లెక్కకట్టండి. ఆ వాక్యం రాసింది సమీక్ష రాకముందా, వచ్చాకా అన్నది తేలినా సగం పొగమంచు విడిపోతుంది.

ఆ తేడా సంతకం సంగతి కూడా తేలిగ్గా వదిలేయకండి. నాటకరంగంలో పెద్దవాళ్లు తమ ఉత్తరాలన్నీ తామే రాయలేదు. హెన్రీ ఇర్వింగ్ మహానటుడిగా వెలిగిన రోజుల్లో ఆయన థియేటరు వ్యవహారాలు చూసిన బ్రామ్ స్టోకర్ ఆయన తరఫున లెక్కలేనన్ని ఉత్తరాలు రాశాడు. డ్రాక్యులా నవల రాసింది ఈ స్టోకరే. నాటక రచయిత బెర్నార్డ్ షా షార్ట్‌హ్యాండ్‌లో గీకి పడేస్తే, 1920 నుంచి ఆయన పోయేదాకా సెక్రటరీగా ఉన్న బ్లాంచ్ ప్యాచ్ టైపు చేసేవారు. అది మోసమేం కాదు, పని జరిగే తీరు. కానీ మీ సమీక్షకుడి ఉత్తరాన్ని పత్రికాఫీసులో వేరొకరు టైపు చేసి సంతకం కూడా వాళ్లే పెట్టి ఉంటే, "నువ్వు చెప్పినట్టే రాశాను" అన్నది ఇద్దరి మధ్య గుట్టు కాదు. మూడో మనిషి చేతిమీదుగా పోయిన మాట. గుట్టుగా చేసిన పాపాన్ని ఎవరైనా టైపిస్టు చేత చెప్పించి రాయిస్తారా?

చూసే పద్ధతి మీకు తెలిసిందే, అయినా ఒకసారి. అదే ఏడాది ఆయన చేత్తో రాసిన ఉత్తరాల కింది సంతకాలు నాలుగైదు తీసి పక్కన పెట్టండి. పదేళ్ల తేడా ఉన్నవాటితో పోల్చొద్దు, చేయి వయసుతో మారుతుంది. భూతద్దంలో గీత నడక చూడండి. సొంత సంతకం గబగబా పోతుంది, ఒకచోట ఒత్తుగా ఒకచోట పల్చగా ఉంటుంది. దిద్ది పెట్టిన సంతకం ఒకే ఒత్తిడితో నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో కలం ఎత్తిన చోట్లు బయటపడతాయి. రబ్బరు ముద్రయితే గీత మీద గీత దాటిన చోట సిరా చిక్కబడదు, కాగితం వెనక నొక్కుడు తగలదు. రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే అది మనిషి చేయి కాదు. ఎవరూ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టలేరు, బ్యాంకులవాళ్లు ఎంత పట్టుబట్టినా సరే.

సమీక్షకుడికీ నటికీ మధ్య ఇన్ని ఉత్తరాలు నడవడమే తప్పన్నట్టు రాశారు మీరు. అక్కడ నేను ఒప్పుకోను. షా, నటి ఎలెన్ టెర్రీల సంగతి చూడండి. ఇద్దరి మధ్య ఉత్తరాలు 1892లో మొదలయ్యాయి. 1895 నుంచి 1898 దాకా షా లండన్‌లో ఒక వారపత్రికకు నాటక సమీక్షకుడు. ఆ రోజుల్లో టెర్రీ నటించేది ఇర్వింగ్ థియేటరులో. షా పత్రికలో ఇర్వింగ్‌ను ఏకిపారేసేవాడు, టెర్రీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు, దానికితోడు తన నాటకాన్ని అదే ఇర్వింగ్ చేత వేయించాలని చూసేవాడు! ఈ లెక్కన మీ సమీక్షకుడు ఏపాటి? చివరికి ఇర్వింగ్ ఆ నాటకం వేయలేదు. కానీ ఆ ఉత్తరాలు ఇప్పుడు చదివితే రెండు పెద్ద బుర్రలు తమ కళ గురించి మాట్లాడుకోవడమే ఎక్కువ వినిపిస్తుంది. అందులో స్వార్థం ఉంది, పొగడ్త ఉంది, పని గురించి గట్టి మాటలూ ఉన్నాయి. మీ 41లో తక్కిన 39 సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. వాటిల్లో ఏముంది?

టెర్రీ ఉత్తరాల కథలో మీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఆవిడ 1928లో పోయారు. 1931లో ఆ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఆవిడ కూతురు ఈడిత్ క్రెయిగ్ అచ్చువేయడానికి మొగ్గింది. కొడుకు గోర్డన్ క్రెయిగ్, ఆయనా రంగస్థలంలో పెద్ద పేరే, దానికి మండిపడి తల్లి మీద తనే వేరే పుస్తకం రాశాడు. ఒకే తల్లి, ఒకే ఉత్తరాలు. ఒకరికి అవి అమ్మ గొప్పతనం, ఇంకొకరికి అమ్మ పరువు. మీకు రాసిన ఆవిడకూ తమ్ముడికీ మధ్య కూడా ఇలాంటిదేదో ఉండొచ్చు. అందులో మీరు తీర్పరి కాదు, ఒక పక్షం కూడా కాదు. తమ్ముడు దుర్మార్గుడని ఆవిడ ఒక్క ఉత్తరంతో నమ్మేయకండి. ఆవిడ ఎదుట తమ్ముణ్ని వెనకేసుకునీ రాకండి.

సరే, ఏం చేయొచ్చు?

మీ అబ్బాయి అన్నట్టు అమ్మేయొచ్చు. మీ ఇంట్లోంచి కట్ట పోతుంది, గొడవ మాత్రం మీతోనే ఉంటుంది. ఆవిడ అభ్యంతరం రాతపూర్వకంగా మీ చేతిలో ఉంది. అది దాచి అమ్మితే రేపు కొన్నవాడు మీ మీదికొస్తాడు. చెప్పి అమ్మితే పరువున్న వేలం సంస్థ ముట్టుకోదు. పైగా అమ్మకంలో ఇలాంటి కట్టల్ని విడగొడతారు. ఆ ఒక్క ఉత్తరానికి ఎక్కువ ధర పలుకుతుందని దాన్ని విడిగా పెడతారు. అప్పుడది ఉత్తరం కాదు, పుకారు. ముందూ వెనకా లేని ఆ మూడు మాటలు ఎవరి గోడమీదో ఫ్రేములో ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చనిది ఇదే.

ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. ఈ మూడు నెలలూ చేసింది అదే కదా, దాని ఫలితం రాత్రిళ్లు మీకే కనిపిస్తోంది. ఇంకో మాట. మీకు 61 ఏళ్లు. మీరు తేల్చకపోతే రేపు మీ అబ్బాయి తేలుస్తాడు, ఎలా తేలుస్తాడో ఇప్పటికే చెప్పాడు. ఆవిడ తమ్ముడు చేసిందీ సరిగ్గా అదే అయ్యుండొచ్చు.

తగలబెట్టడం గురించి. బాధలో రాసిన మాట అది, బహుశా అచ్చంగా అదే కోరుకుని రాసింది కాదు. కవి టి.ఎస్. ఇలియట్ తనకు ఎమిలీ హేల్ రాసిన ఉత్తరాలన్నీ కాల్పించేశాడు. ఆవిడ నాటకం నేర్పే అధ్యాపకురాలు, ఆయన దశాబ్దాల పాటు ఉత్తరాలు రాసిన మనిషి. ఆయన ఆవిడకు రాసినవి మాత్రం మిగిలాయి, 1131 ఉత్తరాలు. ఇద్దరూ పోయాక 50 ఏళ్లు తెరవకూడదన్న షరతుతో ఆవిడ వాటిని 1956లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చేశారు. 2020 జనవరిలో తెరిచారు. ఆ ప్రేమ నిజం కాదన్నట్టు ఇలియట్ ముందే రాసిపెట్టిన ప్రకటన కూడా అదే రోజు బయటికొచ్చింది. కానీ ఆయనే రాసిన వెయ్యికి పైగా ఉత్తరాలు పక్కనే ఉన్నాయి. జనం రెండూ చదువుకున్నారు. చదవలేనివి కాలిపోయిన ఆవిడ మాటలే. కాల్చేస్తే ఎప్పుడూ అంతే, తన పక్షం చెప్పుకోలేని మనిషికే నష్టం. ఇక్కడ కాలిస్తే నటి మీద అనుమానం పోదు. మీరు చదివారు, మీకు గుర్తుంది. కాగితం పోతే ఆ అనుమానాన్ని తుడిచే ఆధారం కూడా పోతుంది.

ఆ ప్రిన్స్‌టన్ పద్ధతి మీకు పనికొస్తుంది. మంచి గ్రంథాలయాలు, నాటక సేకరణలున్న మ్యూజియాలు ఇలాంటి షరతులతో తీసుకుంటాయి. ఫలానా ఏడాది దాకా తెరవొద్దు, ఫలానావారి అనుమతి లేకుండా చూపొద్దు, కట్ట విడగొట్టొద్దు అని రాసుకోవచ్చు. ఒక మనిషి సేకరణ ఊరికే పోదనడానికి గాబ్రియేల్ ఎంథోవెన్ ఉన్నారు. నాటకాల కాగితాలన్నీ పోగేసి, మ్యూజియం తీసుకుని తీరాలని ఏళ్ల తరబడి పోరి, 1924లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చారు. అక్కడి రంగస్థల విభాగానికి పునాది అదే. అయితే ఇందులోనూ ఇబ్బంది ఉంది. హక్కు మీద తగువున్న వస్తువును ఏ గ్రంథాలయమూ తీసుకోదు. ఆవిడ సంతకం కూడా కావాలి. అంటే మళ్లీ ఆవిడ దగ్గరికే రావాలి.

తిరిగి ఇచ్చేయడమూ ఉంది. డబ్బు తీసుకుని కావచ్చు, ఊరికే కావచ్చు. ఇస్తే మీ మనసు తేలికపడుతుంది, నిజమే. కానీ ఇచ్చాక వాటిని ఏం చేస్తారన్నది ఆవిడ ఇష్టం, కాల్చినా సరే. ఆ షరతు లేకుండా ఇవ్వగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. షరతు పెడితే అది ఇచ్చినట్టు కాదు. ఇస్తే మొత్తం ఇవ్వండి. ఆ ఒక్కటీ తీసేసుకుని 40 ఇవ్వాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తుంది, ఆవిడ బాధపడకూడదనే మంచి ఉద్దేశంతోనే వస్తుంది. దాన్ని దగ్గరికి రానీయకండి.

అన్నిటికంటే ముందు జరగాల్సింది ఒకటుంది. ఆవిడ ఆ ఉత్తరాలు చదవాలి. "ఒక్కటి కూడా చదవలేదు" అన్నారు ఆవిడ. తన తల్లి గురించి తనకు తెలియనిది మీకు తెలుసు, ఎవరో పరాయి మనిషికి. ఆవిడ ఉత్తరంలో కోపం కంటే ఆ చిన్నబోవడమే ఎక్కువ కనిపించింది నాకు. ఆవిడను పిలవండి, లేదా మీరే వెళ్లండి. అసలు కాగితాలే ముందు పెట్టండి. పద్నాలుగోది, ఆ టైపు చేసినదీ ఇందులో ఉన్నాయని ముందే చెప్పండి. "చదివితే బాధ కలిగే వాక్యం ఒకటుంది, నాకూ దాని అర్థం పూర్తిగా తెలియదు, నేను వెతికింది ఇదీ" అని అచ్చయిన సమీక్ష కాపీ కూడా పక్కన పెట్టండి. తల్లి మాట తీరు, ఆ రోజుల్లో ఇంటికొచ్చిపోయిన మనుషులు, ఇవన్నీ ఆవిడకు తెలుసు. మీకు మూడేళ్లలో తేలనిది ఆవిడకు అయిదు నిమిషాల్లో తేలొచ్చు. అంతా చదివాక కూడా కావాలంటే ఇచ్చేయడమా, గ్రంథాలయమా, లేక అసలు కాగితాలు ఆవిడకూ, స్కాన్లు గ్రంథాలయానికీనా అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఈ చివరిది నాకు నచ్చుతుంది, కానీ ఉత్తరాలు నావి కావు కదా, నాకు నచ్చడం తేలికే.

రెండో నటి దగ్గరికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. ఆవిడకు నిజం తెలియాలి అనిపించడం సహజం. కానీ మీ దగ్గర నిజం లేదు, టైపు చేసిన ఒక వాక్యం ఉంది. ఒక్క సమీక్షతోనే రంగస్థలం వదిలేశారా, ఇంకేమైనా కారణాలున్నాయా అన్నది ఆవిడకే తెలుసు. ఈ వయసులో తలుపు కొట్టి, "మీ జీవితం ఇలా కావడానికి ఫలానావారు కారణమేమో" అని ఆ "ఏమో"ను ఆవిడ ఒళ్లో పడేసి రావడం న్యాయం కాదు. ఆవిడే ఎప్పుడైనా అడిగితే అబద్ధం చెప్పకండి. అంతవరకే.

ఇప్పుడు 342 సంగతి. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. 42 ఏళ్ల అలవాటు అది, సంతకమున్న కాగితం కనిపిస్తే చేయి పెన్సిల్ వైపు పోతుంది. కానీ తక్కిన 341లో కొన్ని మీకు వచ్చినవైతే ఎక్కువ ఇంకొకరికి వచ్చినవి, వాటన్నిటికీ జవాబులు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఇది మీకే వచ్చింది, ఇంకా జవాబు వెళ్లలేదు. 19 ఏళ్లప్పుడు పోస్టుకార్డు కోసం పదిరోజులు ఎదురుచూసింది మీరే. ఆవిడ మూడు నెలలుగా చూస్తోంది.

ఈ రాత్రే రాయండి. పొడుగ్గా అక్కర్లేదు. ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి, ఎవరికీ ఇవ్వలేదు, అమ్మను, మీరు వచ్చి చదవండి, తర్వాత మాట్లాడుకుందాం, ఆలస్యానికి క్షమించండి. ఇంతే. టైపు చేయొద్దు, చేత్తో రాయండి. రాయడానికి ముందు ఆవిడ ఉత్తరం కవర్లోంచి తీసి, వెనక వేసిన నంబరు చెరిపేయండి. మెత్తటి తెల్ల రబ్బరు వాడండి, ఒకే వైపుకి. గట్టిగా రుద్దితే కాగితం పొర లేస్తుంది.